పడని గడియ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి, కూరగాయలకని సంచీ పట్టుకుంది సాయిలక్ష్మి. వీధి తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టబోతే పడలేదు. మళ్ళీ లాగింది. తలుపు బెత్తెడు సందు వదిలి ఆగిపోయింది.

ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న గంగాభవాని తలెత్తింది.

"ఏటి పిన్నీ, పడ్డం నేదా?"

"నేదమ్మా."

"అయితే ఆడు బయటికొచ్చీసినట్టే. సబ్జీ నేను తెస్తాలే, నువ్వింట్లో ఉండు."

హిందీ మాట్లాడే ఆ ఊళ్ళో, దేవేంద్ర నగర్ దాటాక, రైలు పట్టాల పక్కనుంది ఆ వీధి. ఎప్పుడో శ్రీకాకుళం వైపునించి రైల్వే పనికొచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఆ తలుపు సంగతి వాళ్ళెవరికీ వింత కాదు. యుగంధర్ జైల్లో ఉన్నన్నాళ్ళూ గడియ బుద్ధిగా పడుతుంది. వాడు జైలు గేటు దాటితే పడదు. ఒకసారి వడ్రంగి వచ్చి నాలుగు వైపులా తట్టి చూసి, కర్రలో ఏ దోషమూ లేదని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

యుగంధర్ ఒకప్పుడు ఆ వీధి చివరింట్లోనే ఉండేవాడు. పెళ్ళాం చాందినిని గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఒక మధ్యాహ్నం కత్తి పుచ్చుకుని వీధిలోకి తరిమాడు. సాయిలక్ష్మి కొడుకు హేమంత్ ఆమెను లోపలికి లాగి, తను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. డిగ్రీ చివరేడు చదువుతున్న పిల్లాడు. నిద్రపోతున్న సాయిలక్ష్మి అరుపులకి లేచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

చాందిని సాక్ష్యం మీదే యుగంధర్‌కి యావజ్జీవం పడింది. అయినా సాయిలక్ష్మి ఆమె మొహం చూడలేదు. కోర్టు వరండాలో ఎదురైతే తల తిప్పుకుంది. "ఇన్నిళ్ళుండగా మన తలుపే దొరికిందా దానికి కొట్టడానికి?" అని భర్త అచ్చయ్యతో ఎన్నిసార్లందో లెక్కలేదు.

తీర్పు రోజున ఒక గుమస్తా ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు. వాడికి పెరోల్ వచ్చినా, విడుదలైనా బాధితులకి మెసేజ్ వస్తుందన్నాడు. కరోనా ఏడాది ఖైదీలను ఇళ్ళకి పంపినప్పుడు మెసేజ్ వచ్చిన మాట నిజమే. లాక్‌డౌన్‌లో తన ఊళ్ళో కదల్లేక పడున్న యుగంధర్ తిరిగి జైలుకి చేరాకే అది వచ్చింది. తలుపు మాత్రం వాడు బయటపడ్డ రోజే చెప్పింది.

సాయిలక్ష్మి సంచీ పక్కన పడేసి కూర్చుంది.

"ఆ చాందిని పిల్లకి ఎవరు చెప్తారు?" అన్నాడు అచ్చయ్య.

"చెప్పీవోళ్ళు చెప్తారు."

"ఎవరే? కాగితాల్లో బాధితులంటే మనమే. ఆ పిల్ల ఉత్త గవా, సాక్షి అంతే. ఆలీసంగానైనా దానికి మెసేజ్ రాదు."

"రాకపోతే నాకేటి?" అంది సాయిలక్ష్మి విసురుగా. లేచి పొయ్యి దగ్గరికెళ్ళింది. పెట్టిన పప్పు పొంగి పోతున్నా చూస్తూ నిలబడింది. తర్వాత పొయ్యి ఆర్పేసి చెప్పులు వేసుకుంది.

ఊళ్ళోనే మోవా పేటలో చాందిని బట్టలు కుట్టుకుని బతుకుతోందని వీధిలో అందరికీ తెలుసు. ఆటో దిగి దారి అడుగుతూ వెళితే, చిన్న గదిలో మిషన్ ముందు వంగి కనిపించింది. జుట్టు అప్పుడే నెరిసింది. సాయిలక్ష్మిని చూసి చప్పున లేచి నిలబడింది.

"ఆడొచ్చీసినాడు," అంది సాయిలక్ష్మి.

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"తలుపు పడ్డం నేదు."

ఆ తలుపు సంగతి చాందిని కూడా విన్నదే. రెండు చీరలు సంచీలో కుక్కుకుంది. తాళం వేస్తుంటే తాళంచెవి రెండుసార్లు కింద పడింది. సాయిలక్ష్మే తీసి తాళం వేసింది.

"ఎక్కడికెళ్తావు?"

"తెలీదు."

సాయిలక్ష్మి రోడ్డు వైపు చూసింది. "మా ఇంటికే రా," అంది.

"తలుపు పడని ఇంటికా?"

"మనుషులం ఉన్నాం గదా."

సాయంత్రం చాందిని ఆ ఇంటి గుమ్మం దాటి లోపల అడుగు పెట్టింది. ఆమె వెనకాలే తలుపు మెల్లగా దగ్గరికొచ్చింది. గడియ దానంతటదే పడింది. వాడు బయటున్నప్పుడు ఆ గడియ పడటం అదే మొదలు. అచ్చయ్య పేపరు దించి ఒకసారి చూసి, మళ్ళీ చదువుకోసాగాడు.

యుగంధర్ ఆ రాత్రే మోవా వెళ్ళాడు. అక్కడ తాళం కనిపించింది. చాందిని ఎవరో తెలుగు పెద్దావిడతో వెళ్ళిందని పక్కవాళ్ళు చెప్పారు. మర్నాడు అన్నాల వేళకి ఈ వీధికొచ్చాడు. చాందినిని పేరు పెట్టి కేకలేశాడు, తలుపు తన్నాడు, భుజంతో గుద్దాడు. చెదలు తిన్న పాత చెక్క తలుపు కదల్లేదు. ఈలోగా ఎదురిల్లు తెరుచుకుంది. ఆ పక్కది, ఆపైది. గంగాభవాని అప్పడాల కర్రతో మెట్లు దిగింది. వీధంతా కలిసి వాణ్ణి నేలకు అదిమి, పోలీసులొచ్చేదాకా పట్టుకున్నారు. వాడి నడుము దగ్గర కత్తి దొరికింది.

జీపు మలుపు తిరుగుతుండగా సాయిలక్ష్మి ఫోన్ మోగింది. ఖైదీకి పెరోల్ మంజూరైందని, జాగ్రత్తగా ఉండమని హిందీలో మెసేజ్.

లోపల చాందిని గోడకానుకుని కూర్చుని ఉంది. సాయిలక్ష్మి నీళ్ళిచ్చింది. తాగి, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకునే అంది:

"పిన్నీ, ఆ రోజు నేను మీ తలుపు కొట్టలేదు."

"ఏటంటున్నావు?"

"చాలా తలుపులు కొట్టాను. ఎవరూ తియ్యలేదు. ఇంక కొట్టడం మానేసి, మీ ఇల్లు దాటి పట్టాల మీదికి పోతున్నాను. హేమంతే తీసి పిలిచాడు. మీరొక్కసారి నా మొహం చూస్తే చెబుదామనుకున్నాను."

సాయిలక్ష్మి ఆమె పక్కన కూర్చుంది. "ఏటని పిలిచాడు?"

"'లోపలికొచ్చీ వదినా. అమ్మ కునుకు తీస్తంది, సప్పుడు సెయ్యకు' అన్నాడు."

సాయిలక్ష్మి గుమ్మం వైపు తిరిగింది. కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నట్టే తలెత్తి, "నన్ను లేపవలసింది గదరా నాన్నా," అంది.