జరిగిన తేదీ

రేపటి పనుల జాబితా ప్రింటు తీసి గోడకు అంటించి, చదువుకుంటూ మూడో వరుస దగ్గర ఆగిపోయాను. "రెండో అంతస్తు స్లాబు కింద సెంట్రింగ్ విప్పడం." స్లాబు పోశాక దాన్ని కింద నుంచి మోసే ఆ చెక్కలు, ఇనుప జాకీలు పద్నాలుగు రోజులు కదపకూడదు. కంప్యూటర్ లెక్కలో మూడో తారీఖున పోసిన స్లాబుకి రేపటితో పద్నాలుగు నిండుతాయి. కానీ మూడో తారీఖున వాన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే వాన. తడిసిన చెప్పులు టేబుల్ కింద ఆరబెట్టుకున్న సంగతి నాకు గుర్తుంది.



ఈ కట్టడంలో ఏ పని ఎంతవరకు వచ్చిందో ప్రతి శుక్రవారం కంప్యూటర్లో ఎక్కించడం నా ఉద్యోగం, తెర మీద ఒక్కో పనికి ఒక్కో గీత. ఈ ఏడేళ్ళలో నాకు నేనే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. పుస్తకం పట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతాను. ఎంత శాతం అయిందని అడగను, అడిగితే అందరూ తొంభై అంటారు. ఇంకా ఎన్ని రోజులు పడుతుందని అడుగుతాను. మొదటి ప్లాను చెరపను, తేడా కనబడాలి కదా. ఇక ఆ కంప్యూటర్లో ఒక మీట ఉంది, నొక్కితే పనులన్నీ ప్లానులో ఉన్న తేదీలకే జరిగిపోయినట్టు నింపేస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్ళను.

పోయిన శుక్రవారం వెళ్ళాను.

ఆ రోజు నాలుగింటికి మా ఆయన ఫోన్. "పాప గుమ్మం ముందు కూర్చుందట. ఒక తాళంచెవి నీ దగ్గరా ఉందిగా?" ఆయన ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల దూరం, నాది గంట. "మీరు వెళ్ళలేరా?" అన్నాను. "నాకు మీటింగుందోయ్. నీదేముంది, గీతలు జరపడమేగా, సోమవారం జరుపుకో." పెళ్ళైన కొత్తలో అత్తగారు కూడా ఇదే మాట ఇంకోలా అన్నారు, "బొమ్మలేసే ఉద్యోగానికి ఇంత హడావిడా అమ్మాయ్?" అని. అంతస్తులు తిరగలేదు. మీట నొక్కి బస్సుకి పరుగెత్తాను.

ఇప్పుడు గబగబా మెట్లెక్కాను. స్లాబు మీద ఒకామె పైపుతో నీళ్ళు పెడుతోంది. "ఇది ఎప్పుడు పోశారమ్మా?" అన్నాను.

"తొమ్మిదిన. ఇవాళ్టికి ఏడు రోజులు. నీళ్ళు పెట్టేది నేనేగా, నాకు తెలీదా?"

ఏడు రోజులు. కింద ప్లంబర్లు పని చేస్తున్నారు. వాళ్ళ నవ్వులు పైకి వినిపిస్తున్నాయి.

మేనేజర్ గదిలోకి పరుగున వెళ్ళి చెప్పాను. తలెత్తకుండానే అన్నాడు, "రిపోర్టు హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆరు రోజులు ఆలస్యమని మారిస్తే ఏమని చెప్పాలి? స్లాబు గట్టిగానే ఉంది, ఏం కాదు."

"అయితే రేపు విప్పేస్తారా, సార్?"

"నొక్కింది నువ్వే. పేరు నీదే పడింది. ఆలోచించుకో."

ఆలోచించాను. తప్పు నాదని రాస్తే ఉద్యోగం పోతుంది. పోతే, "పోనీలే, ఇంటి పట్టున ఉండు" అని మా ఆయన ఎంత ప్రేమగా అంటారో కూడా నాకు తెలుసు. ఆ ప్రేమకి భయం వేసింది. అప్పుడే ఆ స్లాబు కింద నుంచి ఇనుము మీద సుత్తి దెబ్బలు.

అక్కడికి ఎలా చేరానో తెలియదు. సెంట్రింగ్ మేస్త్రి ఒక మూల జాకీ వదులు చేస్తున్నాడు. "ఆపండి!" నా కేక నాకే కొత్తగా వినిపించింది.

"లిస్టులో ఉందిగా మేడమ్? రేపెందుకని కొంచెం ఇవాళే..."

"లిస్టు తప్పు. నేనే తప్పు రాశాను. స్లాబు పోసి ఏడు రోజులే."

అతను పైకి చూశాడు.  వెంటనే జాకీని మళ్ళీ బిగించాడు. ప్లంబర్లు సామాను కూడా తీసుకోకుండా బయటికి నడిచారు. చివరివాడు గడప దాటేదాకా నేను ఆ కప్పు కిందే నిలబడ్డాను. ఊపిరి తీసుకుంటే ఏమవుతుందోనని కూడా భయపడ్డాను.

ఆఫీసుకొచ్చి జరిగిన తేదీ తొమ్మిది అని కొట్టాను.  గీత ఆరు రోజులు ముందుకి జరిగింది, దాని వెనక మిగతా గీతలన్నీ జరిగాయి. పక్కనున్న గడిలో, "శుక్రవారం చూడకుండా నింపాను. ఇవాళ సరిదిద్దాను" అని రాసి నా పేరు పెట్టాను. గోడ మీది పాతది తీసి కొత్త జాబితా అంటించాను.

మేనేజర్ గోడ దగ్గరికొచ్చి చదివాడు. మొహం ఎర్రబడింది. ఆఫీసంతా తలెత్తింది.

"ఎవర్నడిగి మార్చావ్?"

 

"నీళ్ళు పెట్టే ఆమెని అడిగి, సార్."