నలుసుకు ఒక విన్నపం

తోముతున్న గిన్నె చేతిలోంచి జారి సింకులో పడింది. కుడిచేతి వేళ్ళు మొద్దుబారి చాలా రోజులైంది. మణికట్టులో నరం నలుగుతోందని, చేతులకు పని తగ్గించకపోతే పట్టు పూర్తిగా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఏ పని తగ్గించాలో ఆవిడ చెప్పలేదు. ఇంటికి రాగానే మా ఆయన చెప్పాడు, ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడం మానేస్తే అదే తగ్గుతుందని. అత్తయ్య కూడా అవునంది. ఈ గిన్నెలూ, బట్టలూ, ఆవిడ మోకాళ్ళకు నూనె రాయడమూ ఇంకెవరి చేతులతోనో జరుగుతున్నట్టు.

ఆ కంప్యూటర్ ముందు నేను చేసేది ‘నలుసు’. వెబ్‌సైట్లను పరీక్షించే సాధనం. మనిషిలాగే పేజీలోకి వెళ్ళి, ప్రతి బటనూ నొక్కి, ప్రతి గడీ నింపి, తప్పెక్కడుందో చూపిస్తుంది. బాబు కడుపులో ఉండగా నాచేత ఉద్యోగం మాన్పించారు. పిచ్చెక్కకుండా ఉండటానికి దీన్ని మొదలుపెట్టాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. వాడేవాళ్ళు పెరిగారు. సాయానికి వచ్చినవాళ్ళు మంచి ఉద్యోగాలు దొరకగానే ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది నేనూ, ఫిర్యాదులూ. కొత్త బ్రౌజర్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెడుతుంది. ఇంకా బాగుచెయ్యలేదేం సార్, బాధ్యత ఉండక్కర్లేదా అని రాస్తారు. పేరుకు బదులు పొడి అక్షరాలు పెట్టుకున్నాను కనుక అందరికీ నేను సార్‌నే. మొదట్లో సార్ కాదని సరిదిద్దేదాన్ని, తర్వాత విసుగొచ్చి వదిలేశాను. అయినా నాది అని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. వంటిల్లు మూసే వీలు లేదు కనుక నలుసును మూస్తున్నాను. ఈ నెలాఖరుతో ఆపేస్తున్నానని నిన్న ప్రకటన పెట్టి, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఈ సాయంత్రం మా ఆయన మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. వాళ్ళ ఆఫీసులో టెస్టింగంతా నలుసు మీదే నడుస్తోందట. దాన్ని నడిపే మహానుభావుడెవరో ఉన్నట్టుండి చేతులెత్తేశాడట. కూర కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి, నేను చేసేదాని పేరేమిటని ఆయన ఒక్కసారైనా అడగలేదు. నేనే చెప్పబోతే, నీ ఆటలు తర్వాత చూద్దాంలే అనేవాడు.

“నలుసు అని పేరు పెట్టాడంటే మనవాడేలా ఉన్నాడు. మన భాషలో అడిగితే మనసు కరుగుతుందేమో. నువ్వు బాగా రాస్తావుగా, కాస్త రాసిపెట్టు,” అన్నాడు.

తన మెయిల్ తెరిచి నా ముందు పెట్టి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను పని చేస్తుంటే ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. మీ శ్రమకు మేమంతా రుణపడి ఉన్నామని రాయమన్నాడు. మీ పనితనం చూసి ఎన్నోసార్లు ముచ్చటపడ్డానని రాయమన్నాడు. ఆ తర్వాత నిజంగానే జాలిపడుతూ అన్నాడు.

“ఒక్కడే ఇంత మోస్తున్నాడు పాపం. ఇంట్లోవాళ్ళు కాస్త చెయ్యి సాయం చేసి ఉంటే ఇంతదాకా వచ్చేదా?”

అది కూడా రాయనా అని అడిగాను. రాయమన్నాడు.

నవ్వొచ్చింది. ఆ మాటల్లో ఒక్కటైనా నా చెవిన పడాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. అన్నీ కలిపి లేని మగవాడికి ఇచ్చేశాడు. ఆ సార్ నేనేనని చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆఫీసు కోసం ఇంకొన్నాళ్ళు నడపమంటాడు. ఇంటిపని మాత్రం ఎప్పటిలాగే సాగాలంటాడు. రెంటికీ నావి ఈ చేతులే. నొప్పెడుతున్న వేలితో బటన్ నొక్కాను.

“పంపావా?” అన్నాడు.

“పంపాను. అందింది. చదివాను కూడా. అయినా మూసేస్తున్నాను,” అన్నాను.