ముందు లేచినవాళ్ళే

"జయమ్మా! జల్దీ రా! కరెంటు పోయొచ్చింది. పెద్దది పెద్దదిలెక్కనే ఉన్నది, చిన్నది చిన్నదిలెక్కనే ఉన్నది!"

మా యూనిట్ హెల్పరు అంజన్న ఈ కబురు మోసుకుని పరుగెత్తుకొచ్చినప్పుడు నేను నల్లా దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. మాకు పెళ్ళయి నలభై రెండు రోజులు. డబ్బా మూత మీద బర్నబా, జయశీల అని పక్కపక్కన పేర్లు కొట్టించి ఉన్నాయి. కడిగిన ప్రతిసారీ ఓసారి చదువుకుంటాను, అదో సంబరం. ఆ పూట చదవకుండానే నురగ చేతులతో పరుగెత్తాను.

పటాన్‌చెరులో మాది మందుల పొడి తూచి నింపే చిన్న ప్యాకింగ్ యూనిట్. ఒకే కంప్యూటరుకు రెండు కాంటాలు తగిలించి ఉంటాయి. పెద్ద కాంటా డ్రమ్ములు తూస్తుంది, చిన్నది పొట్లాలు తూస్తుంది. రెండూ ఒకే కంపెనీవి, వైర్లూ ఒక్కలాంటివే. కంప్యూటరును నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేరు. దాని అలవాటు ఏమిటంటే, కరెంటు రాగానే ఏ కాంటా ముందు కళ్ళు తెరిస్తే దానికి సున్నా అని పేరు పెడుతుంది, తర్వాత లేచినదానికి ఒకటి అని. లేబుళ్ళు కొట్టే ప్రోగ్రామేమో సున్నా అంటే పెద్ద కాంటాయే అని నమ్ముకుని కూర్చుంది. చిన్నది ముందు లేచిన రోజు ఇక చూడాలి. పోయిన నెల డ్రమ్ము మీద 'ఇరవై ఐదు గ్రాములు' అని లేబుల్ పడింది. ఇద్దరు మనుషులు దాన్ని మూలుగుతూ లారీ ఎక్కించారు, ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అదే రోజు అంజన్న ఇరవై ఐదు కిలోల పొట్లాన్ని చొక్కా జేబులో వేసుకుని మేనేజర్ గదికి వెళ్ళి, "సార్, జెర బరువుంది" అన్నాడు.

మేనేజర్ సార్ కనిపెట్టిన విరుగుడు గోడ మీద సుద్దతో రాసి ఉండేది: 'ముందు పెద్దది. పది లెక్కపెట్టాలి. అప్పుడు చిన్నది.' రోజుకు ఐదుసార్లు కరెంటు పోయేది. ఐదుసార్లూ అంజన్న బల్ల కిందికి దూరి, రెండు వైర్లూ పీకి, ఒకటి పెట్టి, పది దాకా గట్టిగా లెక్కపెట్టి, రెండోది పెట్టేవాడు. యాభై ఏళ్ళ మనిషి. లేచేటప్పుడు ప్రతిసారీ బల్లకు తల కొట్టుకునేవాడు.

నేను లేబుళ్ళు కొట్టడానికి ట్రైనీగా చేరినదాన్ని. డిగ్రీలో చదివిన కంప్యూటర్లు ఇంకా మరిచిపోలేదు. బీరంగూడలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి చదివితే తెలిసింది, తగిలించిన ప్రతి పరికరానికీ పేరు పెట్టడానికి లినక్స్‌లో యూడెవ్ అని ఒక విభాగం ఉందనీ, దానికి మనం నియమాలు రాసి ఇవ్వొచ్చనీ. ఒక్క వాక్యమే. ఫలానా ఫలానా గుర్తులు ఉన్న పరికరం వస్తే ఈ పేరుతో పిలువు, అంతే. రాసిన షరతులన్నీ కుదిరితేనే ఆ నియమం వర్తిస్తుంది. రాయని షరతు దానికి లెక్కలోకి రాదు.

మొదటిసారి నేను కంపెనీ పేరు ఒక్కటే షరతుగా పెట్టాను. రెండు కాంటాలకూ అదే కుదిరింది. రెండూ పెద్ద కాంటాలైపోయాయి. "ఇంతకు ముందు పేర్లు తారుమారయ్యేవి, ఇప్పుడు ఇద్దరికీ ఒకటే పేరు పెట్టినవా?" అని మేనేజర్ సార్ నెత్తి పట్టుకున్నారు. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అత్తమ్మ హాల్లోంచి "కోడలా!" అని పిలిస్తే అరుణక్కా నేనూ ఇద్దరం ఒకేసారి తలెత్తుతాం. అరుణమ్మ నా తోడికోడలు. అప్పుడు వైర్ల సీరియల్ నంబర్లు వెతికాను. అవి దేనిది దానికే ఉన్నాయి. ఆ ఒక్క షరతు చేర్చాను. ఇక ఎవరు ముందు లేచినా, ఎవరి వైరు ఎక్కడ గుచ్చినా, ఎవరి పేరు వాళ్ళదే.

అంజన్న కబురు విన్న మేనేజర్ సార్ నమ్మలేక తనే బల్ల కిందికి దూరి మూడుసార్లు వైర్లు పీకి అటూ ఇటూ పెట్టి చూశారు. ఆయనా బల్లకు తల కొట్టుకుని బయటికి వచ్చి, "రేపు ఏడింటికి మన సరుకు కొనేటోళ్ళు తనిఖీకి వస్తున్నరు. నువ్వే చూపియ్యాలె. మంచిగైతే ట్రైనీ తీసేసి పర్మనెంట్ చేస్త. ఆరింటికి నీ కోసం పంపే వ్యాను మిస్సయినవో, ఇగ అంజన్న లెక్కపెట్టుడే చూపిస్త" అన్నారు.

అంజన్న నా వైపు చూసి దండం పెట్టాడు.

అరకిలో జిలేబీ కొనుక్కుని బస్సెక్కాను. పర్మనెంట్! కిటికీ పక్క సీటు దొరికింది, అదీ శుభమే అనుకున్నాను. సగం దారిలో తట్టింది. ఆరింటికి వ్యాను. మరి పొద్దున వంట?

పెళ్ళయిన మూడో రోజే అత్తమ్మ, లీలమ్మగారు, ఇంటి పద్ధతి చెప్పారు. "మా ఇంట్ల కొట్లాటలు లేవు బిడ్డా. ముందు లేసినోళ్ళే వంట. మా అత్తకాడికెల్లి ఇదే." ఎంత న్యాయం అని మురిసిపోయాను. వారం తిరగకముందే అసలు సంగతి అర్థమైంది. టీ, ఉప్మా, నాలుగు డబ్బాలు, అన్నీ కలిపి రెండు గంటల పని. అందుకని ఐదు కాగానే అరుణక్కా నేనూ ఎవరి గదిలో వాళ్ళం మెలకువగా కళ్ళు మూసుకుని పడుకుంటాం. బాత్రూంకు వెళ్ళాలన్నా బిగబట్టుకుని దుప్పట్లో ముడుచుకుంటాను. అక్కకు ఎనిమిదేళ్ళ అనుభవం. నాకు కొత్త పెళ్ళి ఉత్సాహం, పైగా చిన్న బ్లాడరు. నలభై రెండు రోజుల్లో ముప్ఫై ఒక్కసార్లు నేనే ఓడిపోయాను. బర్నబా మాత్రం షటిల్ ఆడి చెమటతో వచ్చి, "పొద్దున్నే లేస్తే ఎంత హుషారుంటది శీలా! టీ అయిందా?" అంటాడు. ముద్దొస్తాడు కూడా, అదే నా ఖర్మ. రోజూ నాలుగున్నరకే లేచి...

నాలుగున్నరకే.

బస్సులో పైకే నవ్వేశాను. పక్కావిడ జరిగి కూర్చుంది. ఆ ఇంట్లో రోజూ అందరికంటే ముందు లేచేది బర్నబా. అయినా నియమం ఆయనకు ఒక్కనాడూ వర్తించలేదు. 'కోడలైతేనే' అనే షరతు ఎవరూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు. అయినా మూడు తరాలుగా అమలవుతోంది.

ఇంటికి వెళ్ళేసరికి బావగారు షిఫ్టుకు వెళ్ళిపోయారు. మిగతా నలుగురం భోజనానికి కూర్చున్నాం. అత్తమ్మ ప్రార్థన చేశాక జిలేబీ పంచి కబురు చెప్పాను.

"దేవుని దయ," అన్నారు అత్తమ్మ. "మరి రేపు పొద్దుగాల వంట?"

అరుణక్క పైకప్పు వైపు చూసింది. "రేపు నాకు ఒంట్ల మంచిగుండేటట్టు లేదత్తమ్మా."

"దానికెందుకు పరేషాన్?" అన్నాడు బర్నబా, ఎంతో ప్రేమగా. "శీలా, నువ్వు మూడున్నరకు లేసి చేసిపెట్టి పో. అలారం నేను పెడతా."

అలారం ఆయన పెడతాడట. రేపు కొనేవాళ్ళ ముందు నిద్ర మొహంతో నిలబడి తడబడతానేమోనని మొదటిసారి భయం వేసింది. చేతిలో జిలేబీ పళ్ళెంలో పెట్టి అడిగాను.

"అత్తమ్మా, మన ఇంటి పద్ధతి ఇంకోసారి చెప్పరా?"

"గదే. ముందు లేసినోళ్ళే వంట."

"కోడళ్ళే అని ఉందా?"

"గట్ల రాసిపెట్టలే గని... అందరికెరికే."

"రాయంది లెక్కలోకి రాదత్తమ్మా. రోజూ ముందు లేచేది ఎవరు?"

బర్నబా బళ్ళో లెక్కల మాస్టారు. ముందు నవ్వాడు. తర్వాత లెక్క తేలింది. నవ్వు ఆగిపోయింది. "రేపు షటిల్ ఫైనల్ ఉంది శీలా!"

"అయితే రేపు ఇంకా ముందే లేస్తవు," అంది అరుణక్క. నోటినిండా జిలేబీతో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఉత్తగ కళ్ళు మూసుకొని పండుకుంటే మాకు తెలుస్తది బర్నబా. ఆ విద్య మాదే."

బర్నబా అమ్మ వైపు తిరిగాడు. అత్తమ్మ చేతిలో ఉన్న జిలేబీ పూర్తిచేశారు.

"మీ నాయిన మూడింటికే లేసేటోడు," అన్నారు.

"లేచి?" అడిగాను.

"లేసి అరుగు మీద సుట్ట కాల్చుకుంట కూసునేటోడు. నేను నాలుగింటికి లేసి వండేదాన్ని." ఆమె ఇంకో జిలేబీ తీసుకున్నారు. "ముందు లేసినోళ్ళే వంట. నేనే చెప్పిన కద."

నేను లేచి, చేయి కడుక్కుని, బర్నబా బడిసంచిలోంచి సుద్దముక్క తీసి, వంటింటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'ముందు రవ్వ వేయించాలి. ఎసరు మరిగాక ఉప్పు చెంచాడు. అప్పుడు రవ్వ పోస్తూ కలపాలి.' కింద నా డబ్బా పెట్టాను.

"రేపు నాలుగున్నరకు నువ్వు లేస్తవు," అన్నాను. "నేను ఐదున్నరకు లేస్త."