ఎంగిలి డబ్బా

చండూరులో సీతారాములు ఇంట్లో గిన్నెలు కడిగే మెషీను మళ్లీ ఆగిపోయింది. ఊరికే ఆగినా బాగుండేది. కుయ్ కుయ్ మని అరిచి, తలుపు సందుల్లోంచి తెల్లటి నురుగు కక్కి, వంటింటి బండలన్నీ తడిపి మరీ ఆగింది. బ్యాంకు పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన కోడలు ప్రియాంక చెప్పులైనా విడవకుండా గడపలోనే నిలబడిపోయింది.

"కల్లు కుండ పొంగినట్టు పొంగుతాంది సూడు," అన్నాడు మామ సీతారాములు, మంచం మీద కూర్చుని కండెలకు నూలు చుట్టుకుంటూ.

"పొంగుతాంటే బంద్ చెయ్యొద్దా మామా?"

"నాకేం ఎరుక బిడ్డా? ఆ బటన్లు ఒత్తితే ఏమైతదో ఏమో. పొంగి పొంగి అదే ఆగుతదనుకున్న. ఆగింది గద!"

ప్రియాంక పళ్లు నూరుకుని గోనెసంచి తెచ్చి నీళ్ల మీద పరిచింది. ఏం చేస్తుంది మరి, పెద్దాయన.

ఆ మెషీను సోకు కోసం తెచ్చింది కాదు. అత్త లీలమ్మ చేతుల కోసం తెచ్చింది. లీలమ్మ పట్టుచీరలు నేసే మనిషి. పెళ్లయి వచ్చిన కొత్తలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది, ఇప్పటికీ తీయలేదు. పట్టుపోగుది ఎంత గారాబమంటే, వేలి మీద చిన్న పగులున్నా దానికి తగులుకుని లేస్తుంది. లేచిన పోగు చీర మీద గీరినట్టు కనబడుతుంది. బోళ్లు తోమే సబ్బుకీ, ఆ ఊరి బోరు నీళ్లకీ కలిపి లీలమ్మ వేళ్లు ఎండిన రేగడి చేనులా నెర్రెలిచ్చాయి. చీరలు నేయించే సావుకారు దామోదర్ పోయినసారి చీర మడత విప్పి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"లీలమ్మా, ఇంకో చీరకు గిట్ల పోగులు లేస్తే పట్టు పడుగు నీ మగ్గానికి రాదు. ఇగ టవాళ్లు నేసుకో," అనేశాడు.

ఇంత వయసొచ్చాక, ఊళ్లో సగం పెళ్లికూతుళ్లకు చీరలిచ్చిన మనిషిని టవాళ్లు నేసుకోమంటే ఎట్లా ఉంటుంది? లీలమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అది చూసే ప్రియాంక మెషీను తెచ్చింది. వాడుకునే పద్ధతి తెలుసుకుని, దాని ఉప్పు వేరే అని తెలిసి అది కూడా తెప్పించింది. "మనింట్ల దొడ్డుప్పు లేదా?" అని సీతారాములు అడిగితే, బోరు నీళ్ల సున్నం మెషీనుకు పట్టకుండా ఆపేది ఈ ఉప్పేనని ఓపిగ్గా చెప్పింది కూడా.

అంతా చేసిందా, అయినా అత్త చేతులు మానలేదు. సబ్బు ముట్టని చేతులు మానాలి కదా? కొబ్బరినూనె రాసింది, దవాఖానకు పోదామంది. "వయసు బిడ్డా, ఇగ గింతే," అని లీలమ్మ చేతులు కొంగులో దాచుకుంది. మగ్గం మీదేమో కొత్త చీర సగానికొచ్చింది. ఇది కూడా చెడితే దామోదర్ ఇంకో మాట మాట్లాడడు.

మర్నాడు ఆదివారం. నల్గొండ నుంచి మెకానిక్ నరేష్ వచ్చి మెషీను కింది రేకు విప్పాడు. లోపల తట్ట నిండా నీళ్లు.

"ఇగో, నురుగు పొర్లి నీళ్లు కిందికి దిగినయ్. గందుకే ఆగుతాంది. బోళ్లు తోమే సబ్బు ఎవలు పోస్తున్నరక్కా దీంట్ల?"

"ఎవరూ పొయ్యరు. దాని పొడి నేనే వేస్త."

"పొయ్యకుంటే గింత నురుగు రాదు. గిట్లనే నడిపిస్తే మోటరు కాలుతది. కంచాల మెతుకులు దులిపి పెట్టుండ్రి, చాలు. కడగొద్దు. అడుగున మెతుకులు ఆపే జాలి ఉంటది, వారానికోసారి తీసి కడుగుండ్రి. గంతే, ఏండ్లకేండ్లు నడుస్తది."

జాలి పైకి తీస్తే ఒక్క మెతుకు లేదు. తళతళమని మెరుస్తోంది. "గీ ఇంట్ల ఎవలన్న అన్నం తింటరా?" అని నరేష్ నవ్వాడు. ప్రియాంకకు నవ్వు రాలేదు.

నరేష్ తట్టలో నీళ్లు తోడి, రేకు బిగించి వెళ్లాక ఇంట్లో అందరినీ నిలబెట్టి అడిగింది. "నేను ఆ దిక్కే పోను," అన్నాడు మొగుడు మురళీమోహన్.

"అది నాకు తెల్వదా? నువ్వు పోతే పండుగ జేద్దును."

సీతారాములు నూలు చిక్కు పడిందని తల వంచుకున్నాడు. లీలమ్మ మగ్గం దగ్గర నుంచి కదల్లేదు.

మధ్యాహ్నం తిన్నాక, ఆరిన బట్టలు తెద్దామని పెరట్లోకి వెళ్లిన ప్రియాంకకు కుళాయి దగ్గర లీలమ్మ కనబడింది. ముందు ఎంగిలి కంచాల గుట్ట, చేతిలో సబ్బు పీచు. గబగబా ప్రతి కంచం రుద్దుతోంది, నురుగుతోనే పక్కన పేరుస్తోంది.

"అత్తమ్మా! ఏం జేస్తున్నవ్?"

లీలమ్మ ఉలిక్కిపడి పీచు వెనక్కి దాచింది. దాస్తే దాగుతుందా? మోచేతుల దాకా నురుగే.

"ఏం లే బిడ్డా. పెట్టేముందు జరంత ఎంగిలి పోగొడుతున్న. మిగిలిన సబ్బు అదే కడుగుతది గద."

"ఎంగిలి పోగొట్టనీకే గద అది! నువ్వు సబ్బు పెట్టి కడిగినంక దానికేం పని? మీద నురుగు పెట్టి దాన్ని చంపబడ్తివి. చేతులు సూడు ఎట్లున్నయో!"

"ఎట్ల పెట్టమంటవే? తిన్న కంచాలు, అన్నం గిన్నె ఒక్క డబ్బాల, అవే నీళ్లల్ల పొర్లుతయ్. పొద్దున అదే గిన్నెల వండి దేవునికి పెట్టాలె. నాకు మనసెట్ల ఒప్పుతది?"

"మరి ముందే చెప్పొద్దా?"

"నువ్వేమో నా కోసమని మురుసుకుంట తెస్తివి. ఏమని చెప్పాలె?"

ఆ మాటకు ఇంకొకరైతే కరిగేవాళ్లేమో. ఇన్నాళ్లు నేల తుడిచీ తుడిచీ నడుము పట్టేసిన ప్రియాంకకు మాత్రం కోపం నషాళానికంటింది. "సరే తియ్, కడుక్కో! చేతులు పలగ్గొట్టుకో. ఇగ టవాళ్లే నేసుకో!" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది, కానీ మాట నోరు దాటిపోయింది.

లీలమ్మ పీచు కంచాల మీద పడేసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మగ్గంలో కూర్చుంది. టకటకమని నాలుగు పోగులు పడ్డాయో లేదో మగ్గం ఆగింది. ప్రియాంక పరుగున వెళ్లి చూసింది. లీలమ్మ బొటనవేలి పగులుకు నిమ్మపండు రంగు పట్టుపోగు తగులుకుని లేచి ఉంది. లీలమ్మ దాన్ని విడిపించలేదు. అట్లాగే పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తప్పించి, లేచి, వంటింట్లోకి నడిచింది.

మెషీను తలుపు తీసి, తిన్నాక ప్రియాంక లోపల పెట్టిన అన్నం గిన్నె, కూర గిన్నె, గరిటెలు ఒక్కొక్కటే బయటికి తీసింది. వాటిని గట్టు మీద పెట్టి అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇగ ఇది ఎంగిలి డబ్బా. కంచాలు, గిలాసలే దీంట్ల పెట్టాలె. వండే గిన్నెలు దీనికి తగలొద్దు. ఎంగిలి కంచాలు నేను ముట్ట, సబ్బూ ముట్ట."

"మరి వండిన గిన్నెలెవరు తోముతరత్తమ్మా?" అంది ప్రియాంక. పొద్దున్న ఆమె వంట, బ్యాంకు. సాయంత్రం మళ్లీ వంట.

లీలమ్మ మంచం వైపు చూసింది. ప్రియాంకా చూసింది. మురళీమోహన్ బతుకుజీవుడా అనుకుంటూ తనూ తండ్రినే చూశాడు.

"నన్నేం సూస్తరు?" అన్నాడు సీతారాములు. "మొగోడు బోళ్లు తోముతె ఊళ్లె నవ్వరా?"

"నా చీర వాపసొస్తే నవ్వరా? నువ్వు చుట్టేది నూలు కండెలు. నీ చేతులు పగిలితే నూలుకేం గాదు. లే."

"జాలి నువ్వు కడుగుతవ్, వారం వారం," అంది ప్రియాంక మొగుడితో. "ఆ దిక్కు ఎట్ల పోవాల్నో నేను చూపిస్త."

సీతారాములు గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి గిన్నె బండ మీద పడిన చప్పుడు, ఆ వెనకే కేక. "ప్రియాంకా! మాడింది పోతలేదు బిడ్డా!"

"నానబెట్టు మామా!"

"ఎంతసేపు?"

ప్రియాంక నెత్తి పట్టుకుంది. ఒక నెత్తినొప్పి పోయిందనుకుంటే ఇంకోటి మొదలైంది. లోపల లీలమ్మ వేళ్లకు కొబ్బరినూనె పట్టించి, మెత్తటి గుడ్డతో తుడుచుకుని, అరచేతులు వెలుతురుకు పెట్టి చూసుకుంటోంది. పగుళ్లు పగుళ్లలాగే ఉన్నాయి. ఇవాళ నేయనని, అవి పూడాకే మళ్లీ మగ్గమెక్కి నాడె పట్టుకుంటానని, దామోదర్ వస్తే ఆగమని తానే చెప్తానని కోడలితో అంది. పెరట్లోంచి ఇంకో కేక వచ్చింది. ఈసారి పీచు ఎక్కడుందని.