అంజమ్మ దగ్గు

సకల జనుల సమ్మె రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో దగ్గని మనిషి లేడు. ఎల్బీనగర్ చౌరస్తాలో బాష్పవాయు గోళం పేలిందంటే, సాయంత్రానికి సాంబమూర్తి మెడికల్ షాపు ముందు దగ్గుల కచేరీయే. అందరికీ ఒకటే సిరప్పు ఇచ్చాడు. అందరికీ తగ్గింది, అంజమ్మకు తప్ప.

అంజమ్మది పోచంపల్లి. కొడుకు అరుణ్‌కుమార్ సైదాబాద్‌లో చీరల దుకాణం పెట్టాక ఇక్కడికొచ్చింది. కొడుకుతో పాటు రాస్తారోకోకు వెళ్లి గ్యాస్ పీల్చిన మాట నిజమే. కానీ శ్రావణంలో డాక్టరు ఆమెకు బీపీ మాత్ర కూడా మార్చాడు. ఆ కొత్త మాత్ర ఇచ్చింది సాంబమూర్తే. అది కొందరికి పొడిదగ్గు తెప్పిస్తుందని ఆయన చదువుకున్నాడు. చదువుకున్న పాఠంలో బాష్పవాయువు లేదు మరి! గ్యాసా, మాత్రా? పొద్దున మాత్రే అనిపించేది. సాయంత్రం కళ్లు మండుతూ షట్టరు దించేటప్పుడు గ్యాసే అనిపించేది. బుర్ర ఇచ్చిన దేవుడు ఇలాంటప్పుడు దాన్ని ఎలా వాడాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఒకరోజు సాంబమూర్తి ధైర్యం చేసి, సిరప్పు కోసం వచ్చిన కొడుకుతో, "బాబూ, మీ అమ్మగారి దగ్గు ఆ మాత్ర వల్లేమో. డాక్టరుగారికి ఓసారి చూపించండి," అన్నాడు.

అరుణ్‌కుమార్‌కు ఒళ్లు మండింది. "ఏందంకుల్! పోలీసోళ్లు గ్యాస్ కొడ్తే తప్పు మాత్రదా? మా అమ్మ తెలంగాణ కోసం గ్యాస్ మింగింది. గుంటూరోళ్లు గదా, మీకు గది కనవడదు."

షాపు ముందున్న వాళ్లంతా తిరిగి చూశారు. పాతికేళ్లుగా ఈ వీధిలోనే బతుకుతున్న సాంబమూర్తికి, తెనాలి నుంచి నిన్ననే దిగినట్టయింది. మాత్ర అంటే తను పోలీసుల మనిషి. గ్యాస్ అంటే ఆమెకు అన్యాయం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన మరో సిరప్పు సీసా చేతికిచ్చి ఊరుకున్నాడు.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం తల్లీ కొడుకులు ఆటో దిగారు. అంజమ్మ పై పెదవి గారెలా ఉబ్బింది.

"నాలిక గూడ బరువైతాంది సారూ," అంది ముద్దముద్దగా.

"నిన్నటి గ్యాసేమో అంకుల్," అన్నాడు అరుణ్‌కుమార్, ఈసారి కాస్త భయంగా.

సాంబమూర్తి కౌంటరు దాటి బయటికొచ్చాడు. "గ్యాసో గాడిదగుడ్డో తర్వాత చూద్దాం. ఆ మాత్ర ఇక ముట్టొద్దు! గొంతు కూడా ఉబ్బిందంటే ఊపిరాడదు. పదండి ముందు!" అంటూ షట్టరైనా దించకుండా వాళ్లతో పాటు ఆటో ఎక్కాడు.

దవాఖానలో ఇంజెక్షన్లిచ్చి పడుకోబెట్టారు. గండం గడిచింది. తన అనుమానం మాత్ర మీదేనన్నాడు డాక్టరు.

మర్నాడు సాంబమూర్తి కాగితాలు పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. మందు వల్ల హాని జరిగిందని రుజువు అక్కర్లేదు, అనుమానమున్నా సర్కారుకు రాసి పంపొచ్చు. రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

"అయితే గ్యాస్ కాదా?" అడిగాడు అరుణ్‌కుమార్. గొంతులో కోపం లేదు, అంతా తికమకే.

"పెదవి ఉబ్బింది మాత్ర వల్లేననుకుంటున్నాం. దగ్గు సంగతి నాకూ తెలీదు బాబూ. తెలీదనే రాస్తాను." సాంబమూర్తి ఆమె వైపు తిరిగాడు. "అంజమ్మగారూ, గ్యాస్ లేనిచోట ఎప్పుడైనా దగ్గొచ్చిందా?"

అంజమ్మ కొడుకు మొహం చూసి తల దించుకుంది.

"బతుకమ్మకు ఊరికి పోతిని గద, ఆడ గూడ గిట్లనే ఒచ్చింది. సమ్మె షురూ గాకముందు గూడ ఒచ్చింది."

"మరి చెప్పకపోతివేందే అమ్మా?"

"ఎట్ల చెప్తర బిడ్డా? దుకాణంల, గల్లీల, అందరికి మా అమ్మ గ్యాస్ మింగిందని చెప్పుకుంట తిరిగితివి. నా నోటితోని నిన్నెట్ల అబద్ధాలోన్ని చేస్త?"

సాంబమూర్తి కాగితం మీద 'సమ్మెకు ముందు నుంచీ దగ్గు' అని రాశాడు. ఆమె కొడుకు పరువు పోతుందని భయపడింది. తానేమో ఆ కొడుక్కే భయపడ్డాడు.