వాకిటి వేపమండలు

టీకాలు వేసిన వారానికి హంపమ్మ కూతురు లింగి చేయి వాచింది. టీకా కత్తితో గీసిన చోట పొక్కులు లేచి నీరు పట్టాయి, ఒళ్ళు కాలిపోతోంది. అత్త ఓబులమ్మ చూసి చెంపలు వేసుకుంది. "అమ్మోరు వచ్చిండాది" అని వంటలో తాలింపు మాన్పించింది. వాకిటికి వేపమండలు కట్టమంటే హంపమ్మే పురికొసతో బిగించి కట్టింది.

ఇప్పుడు ఆమె దిగులంతా ఒళ్ళో ఉన్న చంటివాడి మీద. ఏటవతలి ఊళ్ళో మశూచి పడి మనుషులు పోతున్నారు. టీకాలు వేసే దావీదురాజు పొక్కులు చూడడానికి ఈ రోజు వస్తాడు, మిగిలిన పిల్లలకు టీకాలు వేసి సాయంత్రానికి బండెక్కుతాడు. వేయిస్తే వీడికీ అక్క గతే పడుతుందేమో. వేయించకపోతే ఏరు దాటి తల్లే వస్తుందేమో.

బనగానపల్లె సంతకు మామిడికాయలు మోసే సోమక్క వీధిలోనే నిలబడి పలకరించింది.

"ఏమ్మే హంపమ్మా, టీకాలేసినాక మీ వీధంతా అమ్మోరేనంట కదే! సంతలో అదే మాట."

"ఎవురు సూసినారంట సోమక్కా?"

"ఎవురో సూసేదేంది? నేనే సూస్తి, నేనే చెప్తి. ఇంటింటికీ మండలు కనపడ్తాండాయి కదే!"

"లోపలికి పోయి పిల్లోళ్ళను సూస్తివా?"

"మండలు కట్టిన ఇంట్లోకి ఎట్ల పోతానే? నీకేమన్నా మతుండాదా?"

సోమక్క వెళ్ళిపోయింది. హంపమ్మ తల తిప్పి వాకిటి మండల వైపు చూసింది. సంతలో తిరుగుతున్న ఆ అమ్మోరి మాటకు మూలం తాను కట్టిన ఈ మండలేనా? మరి ఎదురింటి సంగతేమిటి? చంటివాణ్ణి చంకనేసుకుని వెళ్ళి చూసింది. అక్కడి పిల్లవాడికీ పొక్కులు చేతి మీదే ఉన్నాయి. ముఖం నున్నగా ఉంది.

"మీరు కడితిరని మేమూ కడితిమి," అంది ఆ ఇంటి ముసలమ్మ.

హంపమ్మ మనసు ఇంకా కుదుటపడలేదు. జ్వరం అబద్ధం కాదు కదా!

దావీదురాజు రాగానే అదే అడిగింది. అతను లింగి ముఖం, అరికాళ్ళు చూసి, చేయి పట్టుకున్నాడు.

"అమ్మోరైతే ఒళ్ళంతా లేస్తాదమ్మా. ఇది టీకా పట్టిన గుర్తు. పొక్కు లేవకుంటేనే నాకు దిగులు."

"మరి జరమో?"

"వస్తాది, పోతాది. నీ చంటోనికీ రావచ్చు. చెప్పలేదనొద్దు."

జ్వరం రాదని అతను అని ఉంటే ఆమె నమ్మకుండా లేచి లోపలికి వెళ్ళిపోయేది. వాకిట్లోకి వచ్చి పురికొస విప్పింది.

"తల్లికి కోపమొస్తాదే!" అని అరిచింది ఓబులమ్మ.

మండలు పారేయడానికి హంపమ్మకు చేయి రాలేదు. దేవుని గూట్లో పెట్టి, "నువ్వు రానింటికి నీ మండలు కడితి తల్లీ, తప్పు నాదే," అని మొక్కి, చంటివాడి చేయి దావీదురాజుకు అందించింది.

పొద్దు వాలేవేళ ఖాళీ గంపతో వస్తూ సోమక్క బోసి వాకిలి చూసి నిలబడిపోయింది. "అప్పుడే పోయిందా అమ్మోరు?"

"రానేలేదు సోమక్కా. ఇది గూడా సంతలో చెప్పు."

అనేసింది గానీ, చంటివాడి నుదుటి మీద పెట్టిన చేయి మాత్రం తీయలేదు.