కొర్రమీనుల సముద్రం

పొద్దున ఎనిమిదింటికల్లా జాయ్‌స్టిక్‌లు తుడవాలి. ఆరు టీవీలు, పన్నెండు జాయ్‌స్టిక్‌లు. మేడ్చల్ బస్టాండుకి ఎదురుగా మా ఆయన నగేష్ పెట్టిన వీడియో గేమ్స్ దుకాణంలో నా ఉద్యోగం అది, జీతం లేని ఉద్యోగం. ముందు రోజు ఆడి వెళ్ళిన పిల్లల చేతి జిడ్డు, కొబ్బరినూనె, మిర్చి బజ్జీల మరకలు అన్నీ వాటికే పట్టి ఉంటాయి. గుడ్డను వేణ్నీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడుస్తాను. మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళి తిని పడుకుంటే కౌంటర్లో కూర్చునేదీ నేనే. అయినా ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అంటాడు. నేను పక్కనే గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నా అదే జవాబు.

తొంభై ఎనిమిదిలో, దసరాకి ముందు, ఆయన సికింద్రాబాద్ నుంచి రెండు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చాడు. తలకు తగిలించుకునే హెడ్‌సెట్ల గురించి. కళ్ళకు అడ్డంగా పెట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం కనిపిస్తుందట, మనం తల తిప్పితే అదీ తిరుగుతుందట. రెండు కంపెనీలవి దీపావళి తర్వాత వస్తున్నాయి. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. ముందుగా ఉత్తరం రాసి చెప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. మాకు ఒక్కటి కొనే స్తోమతే ఉంది కనుక, ఏది కొనాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

"నువ్వు ఇంటర్ సదివినవు గదా సుస్మితా, ఏది మంచిదో సూసి తెలుగుల రాయి" అన్నాడు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు. పొంగిపోయాను, దాచుకోవడం దేనికి. పది రోజులు డిక్షనరీ ముందు పెట్టుకుని, పిండి చేతులతోనే పేజీలు తిప్పాను. పాత క్యాలెండరు వెనక గీతలు గీసి, అటు నల్లది ఇటు బూడిదది అని రాసుకుంటూ పోయాను. బరువెంత, బొమ్మ ఎంత స్పష్టం, కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకు పడుతుందా, ఎంతసేపటికి వేడెక్కుతుంది. నల్లదానిలో బొమ్మ బాగుంటుంది గానీ ముఖానికి ఆనే స్పాంజిని అతికించేశారు. బూడిదరంగుదానికైతే ఊడదీసి ఉతుక్కోవచ్చు. వెనక పట్టీ వదులు చేసుకోవచ్చు, జడ ఉన్నా కొప్పు ఉన్నా పడుతుంది. ఈ రెండు సంగతుల కిందా ఎర్ర పెన్నుతో గీత గీశాను. నూనె పెట్టకుండా బిడ్డను బయటికి పంపే తల్లి మేడ్చల్లో లేదు. వంద తలలు దూరిన స్పాంజి వారంలో ఏ వాసన వేస్తుందో కంపెనీవాళ్ళకేం తెలుసు.

బూడిదరంగుదానితో సముద్రం అడుగున తిరిగే ఆట వస్తుందట. పుస్తకంలో రకరకాల చేపలు అని మాత్రమే ఉంది. ఉత్త చేపలంటే ఏం బాగుంటుందని, "కాళ్ళ కిందనుంచి కొర్రమీనులు పోతుంటాయి" అని నా సొంతంగా రాశాను. మా పుట్టిల్లు లాల్‌గడి మలక్‌పేట. శామీర్‌పేట చెరువులో దొరికేవి తప్ప నాకు వేరే చేపలు తెలియవు. కొర్రమీను సముద్రంలో బతకదన్న ఆలోచన కూడా రాలేదు. ఎలాగైనా ఆ సముద్రాన్ని ఒక్కసారి చూడాలి, ఎవరి తల జిడ్డూ అంటకముందు ముందుగా నేనే పెట్టుకోవాలి, అదే పట్టుకుంది నన్ను.

రెండింటి నమూనాలూ సికింద్రాబాద్ షాపుకి వచ్చాయి, ఆదివారం వచ్చి చూసుకోమని కబురు చేశారు. నేను శనివారమే చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. తీరా ఆదివారం పొద్దున ఆయన, "రవీందర్, బిందు వస్తున్నరు నాతోని" అన్నాడు. రవీందర్ నా మరిది. బిందు అతని భార్య, పెళ్ళై ఏడాది నిండలేదు, పేట్ బషీరాబాద్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"మరి నేను?"

"నువ్వొస్తే దుకాణం ఎవలు సూస్తరు? బిందుకైతే కంప్యూటర్లు ఎరికె. ఆడ నీకేం సమజైతది?"

మా అత్త తారాబాయి బియ్యం చాట పక్కన పెట్టి, "సదువుకున్న పిల్ల పోతె మాటకు ఇలువుంటది తియ్యి" అంది. నా క్యాలెండరు కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాకు కుళ్ళు పుట్టింది. మర్యాదగా చెప్పుకోవడానికి ఇంకో మాట లేదు. ఆ రోజంతా ఆరు టీవీల గోల మధ్య కూర్చుని ఆ పిల్లను తిట్టుకున్నాను. షాంపూ పెట్టిన ఆ జుట్టునీ, భుజాన ఆ సంచీనీ, బయటికెళ్ళేటప్పుడు "పోయొస్తక్కా" అనే ఆ తీరునీ. ఆమె టిఫిన్ డబ్బా కట్టేది నేను, ఆమె పంజాబీ డ్రెస్సులు ఆరేసేది నేను. ఆమెకు అలసటగా ఉంటే ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. నాకు జ్వరమొస్తే మాత్రం అన్నం ఎన్నింటికవుతుందని అడుగుతారు. ఈపాటికి పెట్టుకునే ఉంటుంది, నా సముద్రంలో ఉంటుంది అనుకున్నాను. ఆమె ముఖం పౌడరు స్పాంజికి అంటుకోవాలని, షాపువాడు నలుగురిలో కసరాలని కూడా కోరుకున్నాను. చిల్లర తీసుకోవాల్సిన పిల్లలు రెండుసార్లు పిలిస్తే గానీ వినిపించలేదు.

సాయంత్రం వచ్చారు. అత్త ఆమె చేయి పట్టుకుని, "ఎట్లుందే?" అని అడిగింది. నన్ను చాయ్ పెట్టమంది. వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

"మస్తుంది అత్తమ్మా. సముద్రం అడుగుకు పోయినట్టే ఉంటది. కాళ్ళ కిందికెల్లి కొర్రమీనులు పోతుంటయి."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. కొర్రమీనులు కంపెనీవాడి ఆటలో లేవు. అవి నా కాగితంలోనే ఉన్నాయి.

ఆమె గ్లాసులు తీసుకెళ్ళడానికి లోపలికి వచ్చినప్పుడు, "ఎంతసేపు పెట్టుకున్నవు?" అని అడిగాను. బిందు తలుపువైపు చూసింది. గ్లాసులు గట్టు మీద పెట్టేసింది.

"పెట్టుకోలేదక్కా. వాళ్ళిద్దరే పెట్టుకున్నరు, గంటసేపు. నన్నేమో జుట్టు సిక్కుకుంటది, ఖరాబైతది అన్నరు. వాళ్ళ కళ్ళజోళ్ళు, పర్సులు పట్టుకోని నిలబడ్డ. అత్తమ్మ అడిగితే, పెట్టనియ్యలేదంటే ఇజ్జత్ పోతదనిపించింది. బస్సుల నీ కాయితం సదివిన, గదే చెప్పిన." గ్లాసులు వరసగా సర్దుతూ మళ్ళీ అంది. "షాపాయన గా కాయితం సూసి, ఎవలు రాసిండ్రు, మంచిగ రాసిండ్రు అన్నడు. మా మరదలు కంప్యూటర్ టీచర్, ఆమెనే రాసింది అన్నడు బావ. కాదనలేకపోయిన."

నేను ఆమెను ఓదార్చలేదు. అంత మంచితనం నాకు ఒక్క పూటలో ఎక్కడినుంచి వస్తుంది? నా రాత నాకు కాకుండా పోయిందన్న మంట ఒకపక్క మండుతూనే ఉంది. కానీ పొద్దున్నుంచీ నేను అసూయపడింది పర్సులు మోస్తూ నిలబడ్డ మనిషిని చూసి. అది తలచుకుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాలోని కుళ్ళు ఎక్కడికీ పోలేదు. ముందుగదిలో చాయ్ కోసం కేకేస్తున్న ఇద్దరి మీదికి మళ్ళింది, అంతే. వాళ్ళు చూశారు, మేము చూడలేదు.

మర్నాడు పొద్దున ఆయన తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. "నల్లదానికే రాయి, ఇంగ్లీషుల. బొమ్మ జబర్దస్తుంది."

"దాని స్పాంజి ఊడిరాదు. రాసిన గదా."

"అయితేంది? నువ్వు తుడుస్తవు గదా."

పెన్ను మూత పెట్టేశాను. "సూడకుంట నేను రాయ. ఆదివారం పోయి సూసొచ్చి రాస్త."

"గిదేంది కొత్తగ? రాయకుంటె పాయె, బిందు రాస్తది."

బిందు సంచీ భుజాన వేసుకుని బయల్దేరబోతూ ఆగింది. చెప్పదనే అనుకున్నాను. "నేను సుత సూడలేదు బావా" అంది. "అక్కతోని పోయి సూస్త."

"మరి నిన్న సేపలన్నవు గదనే?" అని అత్త అడిగింది. రవీందర్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త ఇద్దరు కొడుకుల వంకా చూసి లోపలికెళ్ళింది.

ఇంగ్లీషులో ఉత్తరం రాసేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు కనుక, ఆదివారం దుకాణంలో ఆయనే కూర్చున్నాడు. మేమిద్దరం బస్సెక్కాం. షాపాయన మేము ఆడవాళ్ళం ఇద్దరమే రావడం చూసి వెనక ఎవరైనా ఉన్నారా అని తొంగి చూశాడు. మేమే చూడాలని చెప్పాను. క్యాలెండరు కాగితం రాసింది నేనేనని కూడా చెప్పాను. అప్పుడు బూడిదరంగుది బయటికి తీసి, స్పాంజి దులిపి, రెండు చేతులతో పట్టుకుని మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"ముందెవరమ్మా?"

బిందు నా వైపు చూసింది. చిన్నది, దానికి మాత్రం ఆశ ఉండదా. వడ్డించేటప్పుడు, సినిమాకి వెళ్ళేటప్పుడు, పండక్కి చీరలు పంచేటప్పుడు, ఎప్పుడైనా సరే ముందు వాళ్ళకివ్వండి అనే మాట అలవాటుగా నోటి చివరిదాకా వచ్చింది.

"నేను" అన్నాను.